దువ్వెన కాదది, సూది

ఆళ్లగడ్డలో మా అక్కవాళ్ల స్నానాల గది గూట్లో, పళ్లు తోముకునే బ్రష్షుల గ్లాసులోనే, ఊదారంగు పిడి ఉన్న రోలర్ ఒకటి నిలబెట్టి ఉంది. తడిగా ఉంది. సూదుల మధ్య సబ్బు నురగ ఎండి తెల్లగా అంటుకుని ఉంది. "ఇది ఎవరిదే?" అని అడిగాను. "అందరిదీ చిన్నమ్మా" అంది అక్క పెద్దకూతురు, చాలా మామూలుగా.

నా గుండె గుభేలుమంది. ఎందుకంటే దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించి, నంద్యాల నుంచి బస్సులో తీసుకెళ్లి ఆ పిల్ల చేతిలో పెట్టింది నేనే.

అప్పటికి పెళ్లి ఇంకా ఆరు వారాలుంది. పిల్లకి కాలేజీ రోజుల నాటి మొటిమల గుంటలు బుగ్గల మీద ఉండిపోయాయి. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లెవరూ ఏమీ అనలేదు. కానీ ఫొటోలు తీసేవాడు "ఎడిట్ చేసేస్తాంలే మేడమ్" అన్నాడంట. ఆ మాట దానికి గుచ్చుకుంది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను రెండు వీడియోలు చూసి, సూదులు ఎంత పొడవుంటే అంత త్వరగా పని చేస్తుందనుకుని, 1 మిల్లీమీటరుది తెప్పించాను. పెట్టె మీద ఏం రాసుందో చదివానా అంటే, చదవలేదు. వంటింట్లో మిక్సీ కొంటే గ్యారంటీ కార్డు దాచిపెట్టే మనిషిని, ముఖానికి గుచ్చుకునే వస్తువు కొనేటప్పుడు ఆ మాత్రం చూడలేదు.

ఆ రోజు వెలుతురులోకి పిలిచి చూస్తే దాని రెండు బుగ్గల మీదా సన్నటి గోధుమరంగు చారలున్నాయి. దువ్వెనతో గీసినట్టు వరసగా. మొటిమలు పచ్చిగా ఉన్నప్పుడు కూడా దాని మీద నుంచే రోల్ చేసిందంట. అక్క మంగు మచ్చలకని వాడింది. చిన్నది పాపట దగ్గర జుట్టు పలచబడిందని తల మీద తిప్పుకుంది. ముగ్గురికీ అదే రోలర్. "వేడినీళ్లతో కడుగుతున్నాం కదా, ఏమైతది?" అంది అక్క.

ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రోలర్ మంచిదా చెడ్డదా అన్న వాదన కాదు నాది. అది సూది. సూదిని సూదిలాగే చూడాలి. మనం దాన్ని దువ్వెనలా చూస్తున్నాం.

అసలు ఇది పనిచేసేదెలాగంటే, సన్నటి సూదులతో చర్మానికి కావాలనే చిన్నచిన్న గాయాలు చేస్తారు. ఆ గాయాన్ని మాన్చుకునే పనిలో చర్మం కొత్త కొలాజెన్ తయారు చేసుకుంటుంది. దానితో గుంటలు కొంత పూడతాయి. 1990ల్లోనే సర్జన్లు మచ్చల కింద సూదితో కదిలించడం, రంగు లేని టాటూ మిషన్‌తో మచ్చల మీద గుచ్చడం చేసి చూశారు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాకి చెందిన ప్లాస్టిక్ సర్జన్ డెస్ ఫెర్నాండెస్ చక్రంలా దొర్లే రోలర్‌ని ప్రచారంలోకి తెచ్చాడు. అంటే ఇది డాక్టర్ల చేతిలో పుట్టిన పనిముట్టు. మన స్నానాల గది దాకా రావడం తర్వాతి సంగతి.

పొడవుని బట్టి పని మారుతుంది. 0.2, 0.25, 0.3 మిల్లీమీటర్ల సూదులు చర్మం పైపొరల్లోనే ఆగిపోతాయి. పూసే క్రీము కాస్త బాగా ఇంకడానికి, ముఖం కొంచెం తేటగా కనబడటానికి అవి పనికొస్తాయి. గుంటల్ని పూడ్చడం వాటి వల్ల కాదు. గుంటలు పూడాలంటే 1, 1.5 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా లోతుకి వెళ్లాలి. అక్కడ రక్తం చిమ్ముతుంది. మత్తు క్రీము, శుభ్రమైన గది, చేతి తొడుగులు, చూసే డాక్టరు కావాలి. అది కూడా కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు చేయించుకోవాలి. ఆరు వారాల్లో పెళ్లికి గుంటలు మాయం చేస్తామని ఎవరన్నా చెబితే నమ్మకండి. నేను నమ్మాను కాబట్టి చెబుతున్నాను.

ఇంకో సంగతి మన రంగుది. చామనఛాయ, నలుపు చర్మాలకి గాయమైతే, ఆ గాయం మానాక అక్కడ నల్లమచ్చ ఉండిపోయే గుణం ఎక్కువ. వంటింట్లో నూనె చిట్లిన చోట నెలల తరబడి నల్లగా ఉండేది అందుకే. వీడియోల్లో తెల్లటి అమ్మాయికి రెండు రోజుల్లో పోయే ఎరుపు మన దగ్గర ఆరు నెలల నలుపు కావచ్చు. పైగా మే నెలలో 40 డిగ్రీలు దాటే నంద్యాల ఎండ. సూదులు గుచ్చిన ముఖంతో మధ్యాహ్నం మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి వెళ్తే మచ్చలు పోవడం మాటటుంచి కొత్తవి వస్తాయి.

ఇక పంచుకోవడం గురించి. ఒక్క మాట గుర్తు చేసుకోండి. మన చిన్నప్పుడు క్షౌరశాలలో ఒకే కత్తి అందరికీ తిరిగేది. ఎయిడ్స్ గురించి గోడల మీద రాతలు వచ్చాక, మగవాళ్లు కుర్చీలో కూర్చోగానే "కొత్త బ్లేడు పెట్టన్నా" అనడం నేర్చుకున్నారు. ఆ మాట చెప్పి పంపింది ఎవరు? మనమే. పిల్లలకి టీకా వేయించేటప్పుడు "సిరంజి కొత్తదేనా సిస్టర్?" అని అడిగేదీ మనమే. తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకుంటానంటే పిల్లల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చేదీ మనమే. మొగుడి గడ్డానికీ పిల్లల జబ్బకీ కొత్త సూది అడిగిన మనం, మన ముఖానికొచ్చేసరికి ముగ్గురం ఒక్కటి వాడుకున్నాం.

ఒక్క రోలర్ మీద దాదాపు రెండొందల సూదులుంటాయి. కొన్నిటి మీద 540 ఉంటాయి. ఒక్కసారి దొర్లిస్తే గీతకి వందల రంధ్రాలు. కంటికి రక్తం కనిపించకపోయినా సూది మొనకి అంటుకుంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికుండగలదు. వేడినీళ్లు పోసి కడిగితే అది పోదు. ఆ టీకా దేశమంతా పిల్లల టీకాల పట్టికలోకి వచ్చింది 2011 నాటికి. అంటే ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన పిల్లల్లో, వాళ్ల తల్లుల్లో చాలామందికి అది పడి ఉండదు.

ఇవన్నీ ఊరికే భయపెట్టే మాటలనుకోకండి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో, లైసెన్సు లేని ఒక స్పాలో సూదులతో చేసే ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకి హెచ్ఐవి సోకింది. 2018లో మొదటి కేసు బయటపడి ఆ స్పాని మూయించారు. ఆ ఫేషియల్ వల్లే ముగ్గురికి సోకిందని అక్కడి వ్యాధుల నియంత్రణ కేంద్రం సీడీసీ 2024లో ప్రకటించింది. అక్కడ రక్తం తీసి పూసే పద్ధతి కూడా ఉంది, మన రోలర్ అంత ప్రమాదం కాకపోవచ్చు. కానీ సూత్రం ఒకటే. ఒకరి రక్తం తగిలిన సూది ఇంకొకరికి తగలకూడదు.

మా అక్కని పెద్దపిల్లని తీసుకుని నంద్యాలకి రమ్మన్నాను. చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎంతమంది వాడారు?" అని. రెండో ప్రశ్న "దాని మీద ఏం పూశారు?" అని. పిల్ల తలొంచుకుంది. నేను అడిగినప్పుడు చెప్పలేదు, డాక్టరమ్మ అడిగితే చెప్పింది. మందుల షాపులో తెల్లబడటానికని ఎవరో చెప్పిన ట్యూబు. అందులో స్టెరాయిడ్ ఉంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి, అడిగే మనమున్నాం. మామూలుగా పూస్తేనే ముఖం పలచబడి, మొటిమలు లేచి, మానితే మంట పుట్టించే క్రీము అది. దాన్ని సూదులతో రంధ్రాలు చేసి మరీ లోపలికి పంపింది మా పిల్ల.

ముగ్గురికీ రక్తపరీక్షలు రాశారు. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి. రిపోర్టు వచ్చేదాకా ఆ రెండు రోజులు నేను అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. పెళ్లి కుదిరిన పిల్ల. ఊళ్లో ఆ పరీక్ష పేరు బయటికొస్తే ఏమనుకుంటారోనని అక్క మా బావకి కూడా చెప్పలేదు. దేవుడి దయ వల్ల ముగ్గురికీ ఏమీ లేదు. కొన్నాళ్లాగి మళ్లీ ఒకసారి చేయించుకోమన్నారు, చేయించుకున్నారు. అదీ బాగానే వచ్చింది.

ఆ రెండు రోజుల్లో నాకు ఒకటి తోచింది. అక్క ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో నాకు తెలుసు. మజ్జిగ గిన్నెకి వేరే మూత, పచ్చడి జాడీకి వేరే గరిటె. తడి చెయ్యి పెడితే ఊరుకోదు. అలాంటి ఇంట్లో ఈ సూదులెందుకు బ్రష్షుల గ్లాసులో తడిగా ఉన్నాయి? చాటుగా వాడారు కాబట్టి. బావ చూస్తే "ఇదేం సోకు" అంటాడు. అత్త చూస్తే "పెళ్లికూతురు నువ్వా మీ అమ్మా" అంటుంది. తలుపేసుకుని అయిదు నిమిషాల్లో తిప్పుకుని, కడిగీ కడక్క గూట్లో పెట్టేయడమే. చాటు వస్తువు శుభ్రంగా ఉండదు.

డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం కూడా అందుకే. పంటి నొప్పికి, నడుం నొప్పికి అడిగి వెళ్తాం. ముఖం మీద మచ్చకి డాక్టరా, అది జబ్బా, డబ్బులు దండగ అంటారని మనమే ముందు అనేసుకుంటాం. ఇంటి ఖర్చులో మిగిల్చిన నాలుగైదు వందలు పెట్టి రోలర్ తెప్పించుకుంటాం. చివరికి అయ్యేది డాక్టరు ఫీజు, పరీక్షల ఖర్చు, రోలర్ ఖర్చు, అన్నీ కలిపి. మచ్చ చూసి బాధపడటం తప్పు కాదు. దాని గురించి అందరి ముందూ మాట్లాడి, బీరువాలోంచి తీసి ఖర్చు పెట్టుకోవడం నేర్చుకుంటే సగం ప్రమాదం తగ్గుతుంది. ప్రైవేటుకి డబ్బు కష్టమైతే కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

"అంత చెప్పావు, అసలు వాడొద్దంటావా?" అని అడుగుతారు. వద్దనను. వాడితే ఎలా వాడాలో డాక్టరమ్మ చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

మొదట, ఎవరు వాడకూడదో చూసుకోండి. పచ్చి మొటిమలు, చీముపొక్కులు, పెదాల దగ్గర తరచూ లేచే జ్వరపు పొక్కులు, గజ్జి, తామర, సోరియాసిస్, పులిపిర్లు ఉన్నచోట రోలర్ తిప్పకూడదు. పులిపిర్లు, పొక్కులు సూదుల వెంట ముఖమంతా పాకుతాయి. గాయం మానాక ఉబ్బెత్తుగా మచ్చకట్టే చర్మం ఉన్నవాళ్లు, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు. మంగు ఉన్నవాళ్లు కూడా అడిగే వాడండి. మా అక్కకి మంగు తగ్గలేదు, ఇంకా ముదిరింది.

ఇంట్లో వాడేదైతే 0.25 లేదా 0.3 మిల్లీమీటరు చాలు. అంతకన్నా పొడవు వద్దు. కొన్ని చవక రోలర్లలో విడివిడి సూదులుండవు. పళ్లున్న రేకు చక్రాల్ని పక్కపక్కన పేర్చి ఉంటారు. అవి గుచ్చవు, చీలుస్తాయి. పెట్టె తెరవగానే వెలుతురులో పెట్టి చూడండి.

వాడే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. రోలర్ తలని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరనివ్వాలి. మందుల షాపులో సీసా మీద ఆ పేరు, ఆ శాతం చూసి తీసుకోండి. రాత్రిపూట చేసుకుంటే మంచిది, ఎండ తగలదు. నిలువుగా నాలుగైదుసార్లు, అడ్డంగా నాలుగైదుసార్లు, తేలికగా. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారేటప్పుడు రోలర్‌ని ఎత్తి పెట్టాలి, చర్మం మీదే తిప్పి మలపకూడదు. మా పిల్ల బుగ్గల మీది చారలు అలా మలిపినవే. చపాతీ కర్రలా అదమకండి. రక్తం కనిపించిందంటే ఎక్కువ అదిమినట్టు. కంటి రెప్పల మీద, పెదాల మీద వద్దు. వారానికొక్కసారి చాలు.

తర్వాత ఆ రాత్రి వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ తప్ప ఇంకేమీ పూయకండి. నిమ్మరసం, పసుపు, టమాటా, శనగపిండి, విటమిన్ సి, రెటినాల్, మేకప్, ఏదీ వద్దు. మామూలు చర్మం మీద పడే వస్తువు రంధ్రాలు పడిన చర్మం మీద పడదు. మర్నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవాలి, బయటికెళ్తే చున్నీయో గొడుగో ఉండాలి. ఎరుపు రెండు రోజులకీ తగ్గకపోయినా, చీము పట్టినా, వేడిగా ఉబ్బినా ఆగకుండా డాక్టరుకి చూపించాలి.

వాడాక రోలర్ తలని పారే నీళ్ల కింద బాగా కడిగి, మళ్లీ ఆల్కహాల్‌లో ఉంచి, ఆరబెట్టి, దాని డబ్బాలో మూత పెట్టి బీరువాలో దాచండి. టవలుతో తుడవొద్దు, దారాలు చిక్కుకుంటాయి, సూదులు వంగుతాయి. ఉడకబెట్టొద్దు, ప్లాస్టిక్ వదులై సూదులు ఊడతాయి. ఇంకో సంగతి, ఆల్కహాల్‌లో ముంచితే మీ రోలర్ మీకు పనికొస్తుంది, అంతే. దానితో అది ఇంకొకరికి ఇవ్వదగినదైపోదు. తల్లీకూతుళ్లైనా, అక్కచెల్లెళ్లైనా, భార్యాభర్తలైనా ఎవరిది వాళ్లకే.

ఆళ్లగడ్డ రోడ్డు మీద శిల్పుల షెడ్ల ముందు నుంచి వెళ్లేవాళ్లకి తెలిసే ఉంటుంది. మొండిబారిన ఉలిని శిల్పి వాడడు. మొన పదును పోతే రాయి చెక్కుకోదు, పెచ్చులూడుతుంది. సూది అంతే. పది, పదిహేనుసార్లు వాడాక మొన మొద్దుబారుతుంది, గుచ్చకుండా గీరుతుంది. ఒక్క సూది వంగినా, రోలర్ ఒక్కసారి నేల మీద పడినా పారేయండి. డబ్బు పోయిందని బాధపడకండి, ముఖం పోలేదు కదా.

పారేసేటప్పుడు ఇంకొక్క మాట. చెత్త కవర్లో వేసి పారేయకండి. పొద్దున్నే మన వీధిలోకి బండితో వచ్చే మున్సిపాలిటీ అక్క తడిచెత్త, పొడిచెత్త చేత్తోనే వేరు చేస్తుంది. మన ముఖం మీది మచ్చ పోగొట్టుకోవడానికి ఆమె చేతికి సూదులు గుచ్చడం న్యాయమా? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇళ్లలో వాడిన సూదుల్ని ప్రమాదకరమైన చెత్త కింద విడిగా చూపారు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకి టేపు చుట్టి, పైన "సూదులు" అని రాసి, ఆ అక్కకి చెప్పి చేతికివ్వండి.

పెళ్లి అనుకున్న రోజుకే జరిగింది. చారలు అప్పటికి సగం కూడా తగ్గలేదు. డాక్టరమ్మ అన్నీ ఆపేసి, సన్‌స్క్రీన్ రాసి ఓపిక పట్టమంది. నలుగు రోజు ముత్తైదువులందరూ పసుపూ సున్నిపిండీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అక్క అడ్డం నిలబడింది. "ముఖానికి వద్దు. గడ్డానికి ఒక చుక్క తాకించండి, చేతులకీ కాళ్లకీ మీ ఇష్టం" అంది. "ఎందుకమ్మా?" అని అడిగితే, "సూదుల రోలర్ వాడి బుగ్గలు కాల్చుకుంది, డాక్టరు వద్దంది" అని అందరి ముందూ చెప్పేసింది. నేను బిక్కచచ్చిపోయాను. కానీ ఆ మాట అక్క నోట్లోంచి రాగానే, అక్కడ కూర్చున్న వాళ్లలో ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మెల్లిగా నా పక్కకి జరిగి, "మా కోడలి దగ్గర గూడా ఉంది. నేను గూడా అప్పుడప్పుడు..." అంది.

ఆమెకి ఆ రోజు చెప్పిందే ఇక్కడ మీకు చెప్పాను. మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది. వెళ్లి ఒకసారి చూడండి. ఎన్ని మిల్లీమీటర్లదో, ఎక్కడ పెట్టారో, ఎంతమంది వాడుతున్నారో. ఒకరికి మించి వాడుతున్నారంటే ఈరోజే డబ్బాలో వేసి టేపు చుట్టేయండి.